పెట్టెలోని పాత నాణెములు

పాతకాలపు ఇండ్లలో పెద్దవారి మంచము క్రింద ఒక చిన్న పెట్టె ఉండుట పరిపాటి. అందు దస్తావేజులు, తాళపుచెవులు, చెల్లని చిల్లర ఉండును. ఇల్లు మారునపుడో, పెద్దలు గతించినపుడో మనము ఆ పెట్టెను తెరచుదుము. దస్తావేజులను భద్రపరచుదుము. చిల్లరను మాత్రము పిల్లలకు ఆటకిత్తుము, లేదా పాతసామానులవానికి తూకమునకు వేయుదుము. ఈ పూట మా ప్రసంగము ఆ చిల్లరను గూర్చియే.

నాణెములు చలామణి నుండి తొలగినను మన మాటలనుండి తొలగలేదు. డబ్బు అనునది ఒకప్పుడు ఒక రాగి నాణెము పేరు. కాసు నేడు కాసులపేరులో మిగిలినది. పదహారణాల తెలుగువాడని ఒకరిని మెచ్చుకొందుము. కానీకి కొరగాడని వేరొకరిని నిందింతుము. 1957 ఏప్రిల్ 1వ తేదీన దశాంశ పద్ధతి అమలునకు వచ్చువరకు రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. అనగా రూపాయికి 192 పైలు. అణాలో నాలుగవ వంతు కానీ, రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. ఈ లెక్క నోటికి వచ్చినవారు ఏటేట తగ్గుచున్నారు.

ఈ అభిరుచిలో మేము చేసిన మొదటి పని ఒక పెద్ద పొరపాటు. కళాశాలలో చదువుకొను రోజులలో మా నాయనమ్మగారి పెట్టెలో హైదరాబాదు రాజ్యపు రెండు పైల నాణెము ఒకటి మాకు దొరికినది. అది నల్లబడి యుండెను. చింతపండు రసములో నానవేసి, ఇటుకపొడితో తోమితిమి. బంగారమువలె తళతళలాడినది. సంతోషముతో దానిని నాణెముల సంగతి తెలిసిన ఒక పెద్దవారికి చూపితిమి. ఆయన భూతద్దము పెట్టి చాలసేపు చూచి, "అబ్బాయీ, దీని పుట్టిన ఏడు నీ చేతులతోనే చెరిపివేసితివి గదా!" అనిరి. సగము అరిగియున్న హిజరీ సంవత్సరపు అంకెలు మా ఇటుకపొడికి పూర్తిగ పోయినవి. అటువంటి నాణెములను ఆరవ నిజాము మహబూబు అలీఖాను కాలమునను, ఏడవ నిజాము ఉస్మాను అలీఖాను కాలమునను కూడ ముద్రించిరి. మాది ఎవరి కాలపుదో చెప్పుటకు ఆధారము లేకపోయినది.

అంత చిన్న గుర్తులో ఏమున్నదని మీరు అడుగవచ్చును. హైదరాబాదు వెండి రూపాయిపై చార్మినారు బొమ్మ కలదు. ఆ బొమ్మ నడిమి ద్వారములో ఆవగింజంత ఉర్దూ అక్షరము ఒకటి ఉండును. అది మీమ్ అయినచో మహబూబు కాలపుది, ఐన్ అయినచో ఉస్మాను కాలపుది. ఆ ఒక్క అక్షరము అరిగెనా, నాణెము తన ప్రభువు పేరును చెప్పలేదు. హాలీ సిక్కా అనబడు ఈ ద్రవ్యమును చివరికాలమున 7 రూపాయలకు 6 భారత రూపాయల చొప్పున లెక్కించిరి. నూరు భారత రూపాయలు కావలెనన్న 116 హాలీ రూపాయల 10 అణాల 8 పైలు చెల్లింపవలెను. 1903లో సైఫాబాదులో నెలకొల్పిన టంకశాలను 2022లో ప్రదర్శనశాలగ తెరచిరి. హైదరాబాదు వెళ్లినవారు పిల్లలతో కూడ చూడదగినది.

తెలుగు లిపి గల నాణెములును కలవు. 1808 ప్రాంతమున చెన్నపట్టణములో ఈస్టిండియా కంపెనీవారు ముద్రించిన పావు వరహా వెండి నాణెముపై ఒకవైపు గోపురము, మరియొకవైపు విష్ణుమూర్తి బొమ్మ, చుట్టును అరవ, తెలుగు అక్షరములు కలవు. ఇట్టివానిని కరగించినచో కంసాలి మూసలో మిగులునది వెండి మాత్రమే.

నాణెము ఎచ్చట దొరికినదో తెలియుట, దానిపై ఏమున్నదో తెలియుటకు తీసిపోదు. సిముకుడను శాతవాహన రాజు పేరు నాణేఘాట్ గుహలో చెక్కబడి యున్నది. ఆయన నాణెములు గోదావరి ఒడ్డునగల కోటిలింగాలలో లభించినవి. అవి ఊరు పేరు లేక ఏ బజారులోనో అమ్ముడుపోయినచో, తొలి శాతవాహనులకు తెలంగాణముతోగల సంబంధమునకు అంతటి సాక్ష్యము దక్కియుండెడిది కాదు. నేలలో నిధి దొరికి దాని వెల పది రూపాయలకు మించినచో కలెక్టరునకు తెలుపవలెనని 1878 నాటి చట్టము విధించుచున్నది. నూరేండ్లు దాటిన నాణెములను వ్యక్తులు విదేశములకు పంపరాదని 1972 నాటి పురావస్తు చట్టము చెప్పుచున్నది.

ఇక చేయవలసిన పనులు కొద్దివి. నాణెమును తోమవలదు, అంచు పట్టుకొని ఎత్తవలెను. ఒక్కొక్క దానిని వేరువేరు కాగితపు సంచిలో నుంచి, అది ఎవరిది, ఎచ్చటినుండి వచ్చినది అను సంగతులను ఆ సంచిమీద వ్రాయవలెను. నోట్లను మడువక, అతుకు కాగితము అంటింపక, ఎండ తగులని చోట చదునుగ నుంచవలెను. 2016లో రద్దయిన 500, 1000 రూపాయల నోట్లను ఎవరైనను మొత్తము పదికి మించి ఉంచుకొనరాదని, నాణెశాస్త్ర అధ్యయనమునకైనచో ఇరువదియైదు వరకు ఉంచుకొనవచ్చునని 2017 నాటి చట్టము నిర్ణయించినది. మీ పాత రూపాయి నోటుకు లక్షలిత్తుము, ముందుగ రుసుము పంపుడని ఎవరైన వ్రాసినచో నమ్మవలదు. రిజర్వు బ్యాంకు పేరు వాడుకొని ఇట్టి మోసములు జరుగుచున్నవని ఆ బ్యాంకే 2021లో హెచ్చరించినది.

అన్నిటికన్న ముందు చేయవలసినది ఒకటి కలదు. పెట్టె తెరచునపుడు ఇంటిలోని పెద్దవారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొనుడు. ఈ బేడ ఏ సంతలో వచ్చినదో, ఈ రూపాయి ఎవరి పెండ్లి కట్నములోనిదో వారే చెప్పగలరు. మా నాయనమ్మగారు బ్రతికియుండగా మేము ఆ మాట అడుగలేదు. ఆ రెండు పైలు నేటికిని మాయొద్ద కలవు. వాని సంచిమీద మేము వ్రాసికొన్నది ఇంతే: "నాయనమ్మ పెట్టెలోనిది. సంవత్సరము తెలియదు. తోమినది మేమే."