రిపోర్టు నార్మల్ అయినా నొప్పి నిజమే
(ఆరోగ్య కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



"టెస్టులన్నీ నార్మల్. నీకేం లేదమ్మా, అంతా నీ భ్రమ." నొప్పితో ఆస్పత్రికెళ్ళిన ఆడవాళ్ళు తరచుగా వినే మాట ఇది. నేను డాక్టర్ని కాను, సమాజశాస్త్ర పరిశోధకురాలిని. కానీ ఈ మాటకు వైద్యశాస్త్రంలోనే ఆధారం లేదని మీతో చెప్పదలిచాను.

వాపుకూ నొప్పికీ సంబంధం ఉంది. శరీరంలో దెబ్బ తగిలినచోట, సూక్ష్మజీవులు సోకినచోట ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారవుతాయి. అవి నరాల చివర్లను సున్నితం చేస్తాయి. అప్పుడు కొద్దిపాటి ఒత్తిడి కూడా నొప్పిగా తెలుస్తుంది. ముట్టునొప్పికి ముఖ్య కారణం గర్భసంచి పొరలో తయారయ్యే ఈ రసాయనాలే. ఆస్పిరిన్ వీటి తయారీని అడ్డుకుంటుందని 1971లో జాన్ వేన్ నిరూపించాడు.

అయితే వాపు ఎంతో నొప్పి అంత అనుకోవడం పొరపాటు. క్లామీడియా సోకితే ఏ నొప్పీ లేకుండానే గర్భనాళాలు పాడైపోవచ్చు. ఎండోమెట్రియోసిస్‌లో జబ్బు కొద్దిగా ఉన్నామె మంచం దిగలేకపోవచ్చు, బాగా ముదిరినామె పనికి వెళ్తుండవచ్చు. గాయం తర్వాత వెన్నుపాములోని నరకణాలే అతి సున్నితంగా మారతాయని 1983లో క్లిఫర్డ్ వూల్ఫ్ చూపించాడు. వాపు తగ్గాక కూడా కొందరిలో ఈ మార్పు మిగిలిపోతుంది. మామూలు స్కానింగులో, రక్తపరీక్షలో ఇది కనబడదు.

మన దగ్గర నొప్పిని కొట్టిపారెయ్యడం ఒక అన్యాయమైతే, సరిగా పరీక్షించకుండా గర్భసంచి తీసెయ్యడం మరో అన్యాయం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్ళు దేశంలో 3.2 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7 శాతం. అందరికీ నొప్పి వల్లే చేశారని కాదు, కొందరికి ఆపరేషన్ తప్పనిసరి కూడా. కానీ నొప్పి నరాల్లో స్థిరపడితే గర్భసంచి తీసినా అది పోకపోవచ్చు.

నొప్పి ఉందని మనిషి చెబితే ఆ మాటను గౌరవించాలని అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో తన నిర్వచనంతోపాటే ప్రకటించింది. మనం చేయగలిగిన పని ఇక్కడే మొదలవుతుంది. నొప్పి ఎప్పటినుంచి, ఎక్కడ, ముట్టుతో పెరుగుతోందా, నిద్ర పడుతోందా అని అడిగి రాసుకుందాం. ఆ కాగితంతో ఆమె వెంట ఆస్పత్రికి వెళ్దాం. ఆపరేషన్ అంటే కారణం రాసిమ్మని అడుగుదాం, ఇంకో డాక్టర్‌కు చూపిద్దాం. తన నొప్పి నిజమని రుజువు చేసుకోవలసిన భారం ఆమె ఒక్కతిదే కాకూడదు.