మొద్దు అనే ముందు
(లింగంపల్లిలో తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మన లింగంపల్లిలో ఎంఎంటీఎస్ ఎక్కితే మూడవ స్టేషనే హైటెక్ సిటీ. ఆ దారి మన పిల్లలలో కొందరికి నాలుగైదు తరగతులలోనే మూసుకుపోతున్నది. 6–14 ఏళ్ల ముస్లిం పిల్లలలో నూటికి 25 మంది బడి ముఖం చూడనివారో, మధ్యలో మానినవారో అని సచార్ కమిటీ 2006లోనే చెప్పినది.

మేము సాయంత్రాలు బస్తీ పిల్లలను చదివిస్తున్నాము. నాలుగవ తరగతి బాలిక ఒకతె వచ్చినది. బడిలో ఆమెను మొద్దు అన్నారు. తల్లి చదువు మాన్పించుటకు సిద్ధపడినది. తెలుగు పుస్తకమిస్తే బిడ్డ నోరు విప్పలేదు. ఉర్దూ వాచకమిస్తే పేజీ అంతా గడగడా చదివినది. అయితే అప్పు తెచ్చి చేసే తీసివేత మాత్రము నిజముగానే రాదు. దానిని ఉర్దూలో వివరించితే కొన్ని రోజులలో పట్టుకున్నది.

చూడండి, రెండు లోపాలను కలిపి ఒక్క మాటగా ముద్ర వేశారు. లోపమెక్కడో ముందుగా కనుగొనాలి. తరగతిలో అందరికీ మంచి బోధన మొదటి మెట్టు. అది చాలనివారిని ఐదారుగురిగా కూర్చోబెట్టి, రోజూ కొంతసేపు, కొన్ని వారాలు నేర్పడం రెండవది. అప్పటికీ కదలనివారికి విడిగా బోధన, కంటి, చెవి పరీక్షలు మూడవది. అందుకోగానే బిడ్డ తిరిగి తరగతిలో కలవాలి. వెనుక బెంచీ శాశ్వత నివాసము కారాదు. అమెరికాలో 2004 నాటి ప్రత్యేక విద్యా చట్టం తరువాత ఈ పద్ధతి విస్తరించినది. మన రాష్ట్రంలోనూ ప్రాథమిక తరగతులకు 2022లో తొలిమెట్టు, పై తరగతులకు 2023లో ఉన్నతి వచ్చినవి.

ఇది దయ కాదు. ప్రతి బిడ్డ గ్రహణశక్తిని అంచనా వేసి, అవసరమైన అదనపు బోధన చేయడం 2009 విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ప్రకారం ఉపాధ్యాయుని విధి. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతి కల్పించమని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెప్పుచున్నది. కనుక ఉర్దూ బిడ్డను ఉర్దూలోనూ పరీక్షించమని అడగండి. మర్యాదగా, కాని వ్రాతపూర్వకముగా. జీవితమంతా గుమాస్తాగిరీ చేసినవారము. తేదీ లేని కాగితమునకు, కాగితము లేని మాటకు కార్యాలయంలో ఏపాటి విలువ ఉండునో ఎరుగుదుము.

వచ్చే శుక్రవారం అసర్ తరువాత రండి. మీ పిల్లల లెక్కల నోటుపుస్తకాలు వెంట తెండి. దరఖాస్తులు మేము వ్రాసిపెట్టెదము.