వాయిదాలు తప్పిన తరువాత

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఉత్సవవేళ కావ్యప్రసంగము విందుమని వచ్చినవారికి అప్పుల ప్రస్తావన రుచింపకపోవచ్చును. కాని గ్రంథాలయము మనస్సున కానందము నొసగుటకు మాత్రమే ఏర్పడినది కాదు. చిక్కులో పడిన మనుష్యునకు దారి చూపుటయు దాని ధర్మమే. స్వంతముగా అంగడి పెట్టుకొన్నవాడు, మగ్గములు వేయించువాడు, లారీ కొని బాడుగకు త్రిప్పువాడు - వీరికి నెలజీతము లేదు. రాబడి ఒక నెల పొంగును, ఒక నెల ఇంకును. వ్యాపారపు అప్పేది, ఇంటి అప్పేది అని విడదీయుట వీరికి కష్టము. ఇట్టివారు అప్పులవారితో చేసికొన్న వాయిదాల ఒప్పందము విఫలమైన పిమ్మట ఏమి చేయవలెననునదే నేటి విషయము.

వాయిదా మనకు క్రొత్త గాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రమున ఋణాదానమునకు ఒక ప్రకరణమే కేటాయించెను. నూరు పణములకు నెలకు పణమున్నర పాతిక తక్కువ, అనగా ఒకటింబాతిక పణము, ధర్మమైన వడ్డి యనియు, సేద్యపు పనిలోనున్న కర్షకుని అప్పునకై పట్టరాదనియు విధించెను. యాజ్ఞవల్క్యస్మృతికి విజ్ఞానేశ్వరుడు మితాక్షర యను వ్యాఖ్య వ్రాయగా, పదుమూడవ శతాబ్దమున కేతన దానిని తెనిగించెను. క్షీణించిన బ్రాహ్మణుని చేత రాబడిని బట్టి మెల్లమెల్లగా చెల్లింపజేయవలెననియు, తక్కువ జాతివాని చేత పని చేయించుకొనవచ్చుననియు ఆ స్మృతి చెప్పినది. కులమును బట్టిన ఆ భేదము నేడు లేదు, ఉండరాదు. అప్పునకు మనిషిని వెట్టికి కట్టివేయుట 1976 నాటి చట్టముతో నేరమైనది. కాని "రాబడిని బట్టి" యను మాట మాత్రము నేటికిని బంగారము వంటిది. మన ఒప్పందములు పెక్కు చెడుట ఆ మాటను మరచుటచేతనే.

ఒక ఉదాహరణము కల్పించి చెప్పెదను. ఒక కిరాణా వర్తకునకు తొమ్మండుగురి వద్ద తనఖా లేని అప్పు ఆరు లక్షల రూపాయలు కలదనుకొనుడు. పెద్దమనుష్యులు కూర్చుండి, వడ్డి మానుకొని, నెలకు 25,000 చొప్పున 24 నెలలలో తీర్చునట్లు కాగితము వ్రాయించిరి. అందరును సంతోషించిరి. కాని అంగడిపై ఖర్చులు పోను మిగులునది నెలకు 30,000. ఇంటి తిండికి, పిల్లల చదువునకు, మందులకు 12,000 కావలెను. ఇక మిగులునది 18,000 మాత్రమే. అనగా నెలకు 7,000 లోటు. ఆ ఒప్పందము ఐదవ నెలలో చెడలేదు. వ్రాసిన నాడే చెడియున్నది.

అతడు మానమునకు వెరచి ఆ లోటును క్రొత్త అప్పుతో పూడ్చెను. ఐదు నెలలకు 35,000 రూపాయలు, నూటికి నెలకు మూడు రూపాయల వడ్డి. పాత అప్పు 4,75,000కు తగ్గినది. క్రొత్త దానితో కలిపి 5,10,000 అయినది. ఇపుడు వడ్డియే నెలకు 1,050. అంగడిలో సరుకు పలుచనైనది, బేరము తగ్గినది. అంతలో ఆ కాగితముపై సంతకము చేయని పదియవవాడొకడు దావా వేసి జప్తు తెచ్చెను. ప్రైవేటు రాజీ సంతకము చేసినవారినే కట్టును గాని, చేయనివానిని కట్టదు. ఒకడు లాగుట చూచి తక్కిన తొమ్మండుగురును లాగిరి. రాజీ అంతటితో ముగిసినది.

ఇట్టి సమయమున మన పల్లెలలో మూడు త్రోవలు కనబడుచున్నవి. మొదటిది, మరల అప్పు చేసి వాయిదా కట్టుట. రెండవది, రాత్రికి రాత్రి ఊరు విడుచుట. అంతకంటె ఘోరమైన తలంపునకు లోనై ఆలుబిడ్డలను దిక్కులేనివారిని చేసిన సంగతులును పత్రికలలో మనము చదువుచునే యున్నాము. మూడవది, ఆస్తిని భార్యపేరనో బావమరిదిపేరనో వ్రాసి, ఆ మీదట కోర్టుకు పోవుట. ఈ మూడవ త్రోవ వలననే "ఐ.పి. పెట్టినాడు" అను మాట మన నోట మోసమునకు పర్యాయపదమైనది. ఐ.పి. యనగా ఇన్సాల్వెన్సీ పిటీషను, దివాలా దరఖాస్తు. ఆ దరఖాస్తు మోసగానికొరకు ఏర్పడినది కాదు. నిజముగా చెల్లింపలేనివానికిని, వాని అప్పులవారందరికిని సమానమైన న్యాయము కొరకు ఏర్పడినది.

దాని తీరు కొంచెము వివరించెదను. మద్రాసు, బొంబాయి, కలకత్తా నగరములకు 1909 నాటి చట్టమును, తక్కిన ప్రాంతములకు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమును ఏర్పడినవి. 2016లో క్రొత్త దివాలా స్మృతి వచ్చినను, అందు వ్యక్తులకు సంబంధించిన భాగమును 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల అప్పులకు జామీను నిలిచినవారి మట్టునకే అమలు జరిపిరి. కనుక అంగడి వర్తకుని వంటివానికి 1920 చట్టమే ఆధారము.

చెల్లింపలేని స్థితి యుండి, అప్పు ఆ చట్టములో వ్రాసిన 500 రూపాయలకు తగ్గకుండెనేని, ఋణగ్రస్తుడు తానే న్యాయస్థానమున దరఖాస్తు పెట్టుకొనవచ్చును. అప్పులవారి పేర్లు, ఊర్లు, బాకీ మొత్తములు, తన ఆస్తి యావత్తు, దాని విలువ, అది ఎచ్చట నున్నదియు అందు వ్రాయవలెను. న్యాయస్థానము దివాలాదారుడని తీర్పు చెప్పినచో ఆస్తి కోర్టుకో, కోర్టు నియమించిన రిసీవరునకో చెందును. అటుపై అప్పులవాడెవ్వడును కోర్టు సెలవు లేక విడిగా దావా వేయరాదు. తనఖా పెట్టుకొన్నవాడు మాత్రము తన తనఖా హక్కును నిలుపుకొనును. ఈ సంగతి మరువరాదు.

సర్వమును పోవునని భయపడువారికి ఒక మాట. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడక, మతాచారమును బట్టి స్త్రీ విడువరాని ఆభరణములు, చేతిపనివాని పనిముట్లు, సేద్యగాని నాగలి, ఎడ్లు, విత్తనపు గింజలు - సివిల్ ప్రొసీజరు కోడు 60వ సెక్షను వీనిని జప్తునుండి తప్పించినది; దివాలాయందును ఇవి పోవు. అవసరమని తోచినచో కోర్టు ఆ వర్తకునే వ్యాపారము నడుపుటకు నియమించి, కుటుంబ పోషణకు భత్యము నిర్ణయింపవచ్చును. లేమి మాత్రము చేతనే ఋణగ్రస్తుని చెరలో నుంచుట న్యాయము గాదని 1980లో సర్వోన్నత న్యాయస్థానమున జస్టిస్ వి. ఆర్. కృష్ణయ్యరుగారు తీర్పు చెప్పిరి. ఉండియు ఈయనివాడు వేరు, లేక ఈయలేనివాడు వేరు.

ఇక రాజీకి తలుపు మూతపడలేదు. తీర్పు తరువాత కూడ ఋణగ్రస్తుడు కోర్టు ద్వారా వాయిదాల పథకము ప్రతిపాదింపవచ్చును. బాకీ రుజువైన అప్పులవారిలో తలల లెక్కకు ఎక్కువమందియు, బాకీ విలువలో నాలుగింట మూడు వంతులవారును ఒప్పుకొని, కోర్టు ఆమోదించినచో, పట్టికలోని అందరిని అది కట్టును. పదియవవాడు తప్పించుకొనలేడు. పెద్దమనుష్యుల కాగితమునకు లేని బలము దీనికి కలదు. అయితే ఈ వాయిదాయు తప్పెనేని, కోర్టు ఆ పథకమును రద్దుచేసి మరల దివాలాదారునిగా ప్రకటింపవచ్చును. అంతవరకు సక్రమముగా చెల్లించిన సొమ్ము మాత్రము చెల్లినట్లే. కనుక ఇచ్చటను "రాబడిని బట్టి" యను లెక్కనే పాటింపవలెను.

మోసము సంగతి యేమందురా? చట్టము గ్రుడ్డిది కాదు. దరఖాస్తుకు ముందు రెండేండ్లలోపల ఉచితముగా వ్రాసిచ్చిన ఆస్తి బదిలీలను కోర్టు కొట్టివేయవచ్చును. మూడు నెలలలోపల తక్కినవారిని ఎండగట్టి, ఒక్కని బాకీ మాత్రము పక్షపాతముతో తీర్చినచో అదియు నిలువదు. ఆస్తి దాచినవానికి ఏడాది వరకు ఖైదు కలదు. బావమరిది బాకీ ముందుగా తీర్చి వచ్చితినని సంతోషించువాడు, తనకును బావమరిదికిని చిక్కు తెచ్చిపెట్టినవాడగును.

తుదకు కావలసినది విడుదల. తీర్పునందు కోర్టు ఒక గడువు పెట్టును. ఆ గడువులో విడుదలకు దరఖాస్తు చేయవలెను. చేయకున్న తీర్పు రద్దగును, అప్పులవారు మరల మీదికి వత్తురు. తీర్పు వచ్చినది గదా యని ఇంట కూర్చున్నవాడు ఏరు దాటకయే పడవ దిగినవాడు. ఆస్తి రూపాయకు అర్ధరూపాయి పాటియైన రానప్పుడు, అది తన దోషము వలన గాదని రుజువు చేసికొనకున్న, సంపూర్ణమైన విడుదల దొరకదు. మూడేండ్లలోపల వ్యాపారమునకు తగిన లెక్కలు వ్రాయకుండుట, చెల్లింపలేనని యెరిగియు బేరము సాగించుట, జూదము, దుబారా - ఇవియు విడుదలకు అడ్డములే. విడుదల వచ్చినను ప్రభుత్వ బాకీయు, మోసముచే చేసిన అప్పును తీరవు. విడుదల రానివాడు తన స్థితి చెప్పక 50 రూపాయలు గాని, అంతకు మించి గాని అప్పు తెచ్చుట నేరము.

లెక్కలు వ్రాయుటలో జీవితము గడపినవాడను గనుక ఒక్క మాట నొక్కి చెప్పెదను. చిట్టా, ఆవర్జా అప్పులవానికి చూపుటకు మాత్రమే కావు. తన స్థితిని తాను చూచుకొనుటకు. పాత వాయిదాకు క్రొత్త అప్పు తెచ్చిన దినమే ఒప్పందము పోయినదని గ్రహింపవలెను. ఆ దినముననే అందరికిని చెల్లింపు నిలిపి, అప్పుల పట్టిక వ్రాసికొని, న్యాయవాది సలహా పొందవలెను. న్యాయవాదికి సొమ్ము లేనివారికి, 1987 నాటి చట్టము క్రింద ఏర్పడిన జిల్లా న్యాయసేవాధికార సంస్థ యున్నది. స్త్రీలకు, షెడ్యూల్డు కులములు తెగలవారికి, రాబడి తక్కువైనవారికి అచ్చట ఉచితముగా సాయము దొరకును.

పరువు మాట యేమని మీరడుగుదురు. హరిశ్చంద్రుడు విశ్వామిత్రుని బాకీకి గడువు కోరెను. గడువు తీరునప్పటికి కాశిలో ఆలిని అమ్మెను, తానును అమ్ముడుపోయెను. నేడు ఆలిని, బిడ్డను, తనను అమ్ముకొనుమని ఏ ధర్మమును చెప్పదు. కాని ఆ రాజునందు గ్రహింపదగినది మరియొకటి కలదు. నక్షత్రకుడు నీడవలె వెంబడించినను అతడు దాగలేదు, ఉన్నది లేదనలేదు. అదియే పరువు. ఉన్నదంతయు ముందు పెట్టి, లేనిది లేదని పదిమంది యెదుట చెప్పినవాడు పరువు పోగొట్టుకొన్నవాడు గాడు. అట్టివానిని చూచి "ఐ.పి. పెట్టినాడు" అని పెదవి విరుచుట మనము మానవలెను. మన వెక్కిరింతకు వెరచియే గదా వారు క్రొత్త అప్పునకో, చీకటికో పోవుచున్నారు.

గ్రంథాలయమువారికి ఒక మనవి. ప్రామిసరీ నోటుపైగాని, రాజీ కాగితముపైగాని సంతకము చేయుటకు ముందు, చదువు రానివారు దానిని ఈ బల్లమీద చదివించుకొని, తమ రాబడి పోకల లెక్క కట్టించుకొని పోవునట్లు వారమున కొక సాయంత్రము ఏర్పాటు చేయుడు. ఇరువదియైదేండ్లు ఈ ఊరికి పుస్తకములు చదివించిన గ్రంథాలయము, ఇకముందు కాగితములను గూడ చదివించుగాక.