స్థానికం అంటే ఎంత దూరం?

సిమెంట్ ఫ్యాక్టరీల సామాజిక బాధ్యతపై కోదాడలో చేసిన స్మారకోపన్యాసం



ఈ ఉపన్యాసం మాస్టారి స్మృతికి. మాస్టారి బోధన గురించి నాకంటే బాగా చెప్పగల శిష్యులు ఈ సభలోనే ఉన్నారు. నాకు గుర్తున్నవి ఆయన రాసిన అర్జీలు. బోరు ఎండిందని, పట్టా రాలేదని ఊళ్లవాళ్లు వచ్చి అరుగు మీద కూర్చుంటే ఓపికగా రాసిచ్చేవారు. కార్బన్ కాపీ తీసి, దాని మీద ఆఫీసు ముద్ర వేయించుకుని రమ్మనేవారు. కాపీ దాచుకోని మనిషంటే ఆయనకు కోపం. ఇంతకుమించి చెప్పను. పొగడ్తలు ఆయనకు గిట్టేవి కావు. ఇక ఈనాటి విషయానికి వస్తాను.

పల్నాటి సున్నపురాయి పొర కృష్ణకు ఇరువైపులా పరుచుకుని ఉంది. మేళ్లచెర్వు, దొండపాడు, చింతలపాలెం, మట్టంపల్లి, జాన్‌పహాడ్, వాడపల్లి ప్రాంతాల్లో సిమెంట్ ఫ్యాక్టరీలు వరసగా వెలిసింది అందుకే. ఉద్యోగాలొచ్చాయి, రోడ్లు పడ్డాయి. దుమ్మూ వచ్చింది, బ్లాస్టింగ్‌కు గోడలు అదురుతున్నాయి. ఇదంతా మీకు తెలిసిందే. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ కూడా తెలిసిందే: ఆ సెక్షన్ కిందికొచ్చే కంపెనీ గత మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం సామాజిక బాధ్యతకు ఖర్చు పెట్టాలి.

నా పోట్లాట ఆ సెక్షన్‌లోని ఒక షరతు గురించి. కంపెనీ తాను పనిచేసే స్థానిక ప్రాంతానికి, దాని చుట్టుపక్కలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టం చెబుతోంది. సెమినార్లలో ఈ మాట ఎత్తిన ప్రతిసారీ నాకు వచ్చే జవాబు ఒకటే: అది సూచన మాత్రమే, తప్పనిసరి కాదు. ఆధారంగా కార్పొరేట్ వ్యవహారాల శాఖ 2021 ఆగస్టు 25న ఇచ్చిన 14/2021 నంబరు సర్క్యులర్‌ను చూపిస్తారు. అందులో అలాగే ఉంది, నేను కాదనను. కానీ ఆ మాటకు సర్క్యులర్ చూపిన కారణాలు కూడా చదవాలి కదా. ఈ-కామర్స్ వంటి కొత్త తరహా వ్యాపారాలకు స్థానిక ప్రాంతం ఏదో తేల్చడం కష్టమవుతోందట. కొన్ని పనులకు భౌగోళిక హద్దులుండవట. జాతీయ ప్రాధాన్యాలనూ చూసుకోవాలట.

మొదటి కారణమే తీసుకుందాం. ఫోన్‌లో సరుకు అమ్మే కంపెనీకి ఊరు లేదంటే ఒప్పుకుంటాను. సున్నపురాయి గనికి ఊరు లేదంటే ఎట్లా ఒప్పుకోను? గని లీజుకు సర్వే నంబర్లున్నాయి, హద్దురాళ్లున్నాయి. సిమెంట్‌గా నూరే క్లింకర్ ఒక టన్నుకు సుమారు టన్నున్నర రాయి కావాలి కాబట్టే రాయి ఉన్న చోటికి ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీ దగ్గరికి రాయి పోలేదు. ఊరు లేని వ్యాపారాల కోసం చేసిన సడలింపును ఊరు వదిలి పోలేని పరిశ్రమకు వర్తింపజేయడం సరైన అన్వయం కాదు. పైగా సర్క్యులర్ వివరణ మాత్రమే. పార్లమెంటు చేసిన చట్టాన్ని అది మార్చలేదు.

స్థానికమంటే ఎంత దూరమని తర్వాతి ప్రశ్న. దానికి జవాబు కంపెనీలే ఇచ్చాయి. పెద్ద సిమెంట్ ప్లాంటు పర్యావరణ అనుమతి కోసం ఇచ్చే ప్రభావ అంచనా నివేదికలో చుట్టూ 10 కి.మీ. పరిధి గీసి, ఆ లోపలి గాలి, నీరు, పంటలు, జనాభా అన్నీ లెక్కకడుతుంది. అనుమతి అడిగేటప్పుడు గీసిన ఆ వృత్తమే లాభంలో వాటా పెట్టేటప్పుడూ స్థానిక ప్రాంతం కావాలి. కృష్ణ ఒడ్డు ఫ్యాక్టరీల వృత్తం నది దాటి ఆంధ్రప్రదేశ్‌లోకి పోతుంది. పోనివ్వండి. దుమ్ము రాష్ట్ర సరిహద్దు దగ్గర ఆగదు. గనుల శాఖకు కూడా ఈ పద్ధతి కొత్త కాదు. ఖనిజ నిధుల కోసం 2024లో సవరించిన మార్గదర్శకాలు గని చుట్టూ 15 కి.మీ.ను ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతంగా తీసుకున్నాయి.

ఆ నిధులు జమయ్యే జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు కంపెనీ ఎలాగూ కడుతోంది కదా, ఇంకా ఎందుకని మరికొందరు అడుగుతారు. కడుతోంది. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులకు రాయల్టీలో 30 శాతం. సున్నపురాయి రాయల్టీ టన్నుకు 80 రూపాయలనుకుంటే 24 రూపాయలు. అది రాయి తవ్వినందుకు ప్రభావిత ఊళ్లకు రావలసిన బాకీ. లాభంలో వాటా వేరే పద్దు. దుమ్ము అదుపు, పచ్చని చెట్ల పట్టీ మూడో పద్దు. అవి అనుమతి షరతులు. మరో చట్టం కింద చేయక తప్పని పనిని సామాజిక బాధ్యతగా చూపకూడదని 2021 జనవరి 22న సవరించిన నియమాలు స్పష్టంగా చెప్పాయి. మూడు పద్దులూ ఒకే బోర్డు మీద దాతృత్వంగా రాస్తే ఊరివాడికి హక్కేదో, సాయమేదో తెలియకుండా పోతుంది. మినరల్ వాటర్ ప్లాంటుకు దండం పెట్టి, చేను మీద దుమ్ము గురించి నోరెత్తలేని స్థితి వస్తుంది.

సర్క్యులర్ మాటే చెల్లుతుందని కాసేపు ఒప్పుకుందాం. అప్పుడూ దారి ఉంది. అనుమతికి ముందు జరిగే ప్రజాభిప్రాయ సేకరణ సభలో జనం లేవనెత్తిన అంశాలపై కంపెనీ ఇచ్చిన హామీలు పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో భాగం కావాలని కేంద్ర పర్యావరణ శాఖ 2020 సెప్టెంబరు 30న ఉత్తర్వు ఇచ్చింది. అంటే సభలో చెప్పిన మాట అనుమతి షరతు స్థాయికి వస్తుంది. దాని అమలుపై ఆరు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. 2006 పర్యావరణ ప్రభావ అంచనా (ఈఐఏ) నోటిఫికేషన్ ప్రకారం ఆ నివేదిక ప్రజా పత్రం.

నేను ఇప్పుడు చేస్తున్న పని ఇదే. మేళ్లచెర్వు, చింతలపాలెం, మట్టంపల్లి, పాలకీడు మండలాల్లో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణల కార్యక్రమ వివరాలను, అనుమతి పత్రాలను, అర్ధసంవత్సర నివేదికలను ఊరూరా పద్దుగా కూరుస్తున్నాను. ఒక గడిలో హామీ, పక్క గడిలో అది ఏ పద్దు కిందిదో, ఆ పక్కన జరిగిందా లేదా. జరిగినవీ అంతే శ్రద్ధగా రాస్తున్నాను. మంచి పని చేసిన కంపెనీకి ఈ పద్దు మేలే చేస్తుంది. నోటీసులు, కరపత్రాలు, ముద్ర పడిన అర్జీ కాపీలు మీ దగ్గరుంటే ఇవ్వండి. నకలు తీసుకుని అసలు తిరిగి ఇస్తాను.

ఇక పంచాయతీలకు ఒక విన్నపం. ఫ్యాక్టరీ విస్తరణకు సభ పెడితే కనీసం 30 రోజుల ముందు నోటీసు వస్తుంది. ఆ సభలో ఒక్క కోరిక రాయించండి: నివేదికలోని 10 కి.మీ. పరిధినే సామాజిక బాధ్యత ఖర్చుకు స్థానిక ప్రాంతంగా కంపెనీ ఒప్పుకోవాలి. సభ ముగిసేలోగా కార్యక్రమ సారాంశాన్ని తెలుగులో వివరిస్తూ చదివి వినిపించాలన్నది నిబంధన. ఆ కోరిక, దానికి కంపెనీ చెప్పిన జవాబు అందులో వినిపించేదాకా ఎవరూ లేచి వెళ్లకండి. ఒప్పుకుంటే అది షరతవుతుంది. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోలేదో రికార్డులో ఉంటుంది.