ఇంటర్నెట్‌లో ఉద్యోగం వెతుక్కునే పద్ధతి



పిల్లలు బడికీ, శ్రీవారు ఆఫీసుకీ వెళ్ళిపోయాక, వంటిల్లు సర్దుకుంటూ "నేనూ ఏదైనా ఉద్యోగం చేస్తే బాగుండును" అని ఒక్కసారైనా అనుకోని చదువుకున్న ఇల్లాలు మన హఫీజ్‌పేట్‌లో ఉంటుందంటే నేను నమ్మను. 1998లో మాదాపూర్‌లో సైబర్ టవర్స్ తెరిచారు. 2003లో ఎమ్‌ఎమ్‌టిఎస్ రైలు వచ్చింది. హఫీజ్‌పేట్‌లో ఎక్కితే తర్వాతి స్టేషనే హైటెక్ సిటీ. అయినా ఏం లాభం? అన్ని అద్దాల మేడల్లో మన పేరు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరే అనిపిస్తుంది.

ఇది సరదా ముచ్చట కూడా కాదు. 2022 చివరినుంచి సాఫ్ట్‌వేర్ కంపెనీలు దేశదేశాల్లో వేలమందిని తీసేయడం మనమంతా చూశాం. ఇంటి అప్పు వాయిదా ఒక్క జీతం మీదే నడిచే ఇంట్లో, ఆ ఒక్క జీతమూ ఆగితే? అందుకే ఇల్లాలి చేతిలో కూడా ఒక పని ఉండడం మంచిదంటాను.

వెనకటి రోజుల్లో ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు నమోదు చేయించుకుని, ఆ కార్డు మూడేళ్ళకోసారి రెన్యూవల్ చేయించుకుంటూ, పోస్టుమాన్ కోసం ఎదురుచూసేవారు. ఇప్పుడా పని చేతిలోని ఫోను చేస్తుంది. కానీ చేతిలో అట్లకాడ ఉన్నంతమాత్రాన అట్టు దానంతటదే తిరగబడదు కదా!

ముందు ఫోను పక్కన పెట్టి కాగితం, పెన్సిలు తీసుకోండి. రోజుకి ఎన్ని గంటలు పనిచేయగలరు? ఎంత దూరం వెళ్ళగలరు? ఎంత జీతానికి తక్కువైతే ఇల్లు వదిలి వెళ్ళడం దండగ? ఈ మూడింటికీ జవాబు రాసుకోండి. ఇంట్లోవాళ్ళతో మాట్లాడవలసింది కూడా అప్పుడే. ఇంటర్వ్యూకి పిలుపొచ్చాక కాదు.

ఇక వెతకడం. చాలామంది "ఆడవాళ్ళకి ఇంటినుంచి పని" అని కొడతారు. అలా కొడితే మోసగాళ్ళ ప్రకటనలే ముందొచ్చి కూర్చుంటాయి. పని పేరుతో వెతకాలి. మీరు బి.కాం. చదివి పెళ్ళికి ముందు లెక్కలు రాసేవారనుకోండి. "అకౌంట్స్ ఎగ్జిక్యూటివ్", "అకౌంట్స్ పేయబుల్", "టాలీ", "జీఎస్టీ" - ఇలా ఒక్కో మాటతో విడివిడిగా చూడండి. ఒకే పనికి ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెడుతుంది.

ఊరి పేరుతోనూ ఒక చిక్కుంది. మన హఫీజ్‌పేట్‌ని ఇంగ్లీషులో కొందరు మధ్యలో రెండు 'ఈ' అక్షరాలతో రాస్తారు, కొందరు ఒక్క 'ఐ'తో రాస్తారు. రెండు విధాలా వెతకండి. మియాపూర్, మదీనాగూడ, కొండాపూర్, చందానగర్ కూడా కలుపుకోండి. కోరుకున్నవి దొరికాక "అలర్ట్" పెట్టుకుంటే, అలాంటి ఉద్యోగం పడినప్పుడల్లా మీకే కబురొస్తుంది.

ఎక్కడ వెతకాలి అంటారా? 1997లో మొదలైన నౌకరీ ఉంది, 2003లో వచ్చిన లింక్డ్‌ఇన్ ఉంది. కేంద్ర ప్రభుత్వం 2015లో ప్రారంభించిన నేషనల్ కెరీర్ సర్వీస్ ఉంది. అందులో పేరు నమోదుకి రుసుము లేదు. ఇవి కాక, మీకు నచ్చిన కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో "కెరీర్స్" అనే పేజీ ఉంటుంది. ప్రకటన ఎక్కడ చూసినా, అది నిజమో కాదో ఆ పేజీలో సరిచూసుకోవడం మంచిది. చిన్న పిల్లలవల్ల విరామం తీసుకున్న స్త్రీల కోసం కొన్ని పెద్ద సంస్థలు ప్రత్యేకంగా అవకాశాలిస్తున్నాయి. మనదేశంలో టాటావారు 2008లోనే అలాంటి పథకం పెట్టారు. వీటిని "రిటర్న్‌షిప్" అనే పేరుతో వెతకండి.

మెయిల్ ఐడీ, ఫోను నంబరు మీ సొంతానివి పెట్టండి. శ్రీవారి నంబరిస్తే, కంపెనీవారు పిలిచినప్పుడు ఆయన మీటింగులో ఉంటారు! నమోదు చేసి ఊరుకోకుండా వారానికొకసారైనా మీ ప్రొఫైల్ తెరిచి సరిచేస్తూ ఉండండి. ఈమధ్య తెరిచినవాళ్ళెవరో వేరుచేసి చూసుకునే వీలు కంపెనీలవారికి ఉంది.

ఇప్పుడు అసలు భయం సంగతి. "ఎనిమిదేళ్ళు ఇంట్లోనే ఉన్నాను, రెజ్యూమెలో ఏం రాయను?" ఉన్నదే రాయండి. "2016 నుంచి 2024 వరకు పిల్లల పెంపకం కోసం విరామం" అని ఒక్క వాక్యం చాలు. దానికి క్షమాపణ చెప్పుకోనక్కరలేదు, లేని ఉద్యోగం కల్పించి రాయనూ కూడదు. విచారణలో బయటపడితే వచ్చిన ఉద్యోగం కూడా పోతుంది. దాని కింద ఈ ఏడాది కొత్తగా నేర్చుకున్నది ఒకటి రాయగలిగితే ఇంకా బావుంటుంది. 2017లో ప్రభుత్వం ప్రారంభించిన స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితం. సర్టిఫికెట్ పరీక్షకి మాత్రం రుసుముంటుంది.

చాలా కంపెనీల్లో దరఖాస్తుల్ని మొదట కంప్యూటరే జల్లెడ పడుతుంది. కాబట్టి ప్రకటనలో అడిగిన పని మీకు నిజంగా వచ్చి ఉంటే, వారు వాడిన మాటనే మీరూ వాడండి. రెండు పేజీలు మించనివ్వకండి. ఆధార్ నంబరు, బ్యాంకు వివరాలు రెజ్యూమెలో ఎంతమాత్రం వద్దు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. పాత సహోద్యోగులకి, కాలేజీ స్నేహితురాళ్ళకి నాలుగు ముక్కలు రాయండి. "ఉద్యోగం ఇప్పించవూ" అని కాదు. "మీ కంపెనీ వెబ్‌సైట్‌లో ఫలానా ఉద్యోగం చూశాను, నా రెజ్యూమె పంపుతున్నాను, వీలైతే రిఫర్ చేస్తావా?" అని అడగండి. అలా అడిగితే ఎదుటివారికి సాయం చేయడం సులువు.

ఇక జాగ్రత్తలు. ఊరక రారు మహానుభావులు! మీరు అడక్కుండానే వాట్సాప్‌లోనో టెలిగ్రామ్‌లోనో "వీడియోలకి లైకు కొట్టండి, రోజుకి వేలు సంపాదించండి" అని వస్తుంది. మొదట నూరో రెండొందలో నిజంగానే మీ ఖాతాలో వేస్తారు. నమ్మకం కుదిరాక "ఇంత కడితే అంతకి రెట్టింపు" అంటారు. కట్టిన డబ్బు తెరమీద పెరుగుతూ కనిపిస్తుంది గాని చేతికి రాదు. డేటా ఎంట్రీ పేరుతో ఇంకో రకం ఉంది. ఒప్పందం మీద సంతకం పెట్టించుకుని, తప్పులొచ్చాయి, జరిమానా కట్టకపోతే కోర్టుకీడుస్తామని బెదిరిస్తారు. బెదిరిపోయి డబ్బు కట్టకండి.

గుర్తు ఒక్కటే: ఉద్యోగమిచ్చేవారు మనకి డబ్బివ్వాలి గాని మననుంచి తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ అన్నా, ట్రైనింగ్ అన్నా, లాప్‌టాప్ డిపాజిట్ అన్నా అక్కడితో ఆపేయండి. ఓటీపీ ఎవరికీ చెప్పకండి. ఒకవేళ డబ్బు పోతే, ఇంట్లో ఏమంటారోనని దాచుకుని కుమిలిపోకండి. వెంటనే 1930కి ఫోను చేయండి. ఎంత త్వరగా చెబితే, ఆ డబ్బు మోసగాడి చేతికి చేరకముందే బ్యాంకులో ఆపే అవకాశం అంత ఎక్కువ. ఇక్కడ సిగ్గుపడి ఆలస్యం చేసిన ప్రతి గంటా వాడికే లాభం.

చివరగా, పాలలెక్క రాసుకున్నట్టే దీనికీ ఒక చిన్న పుస్తకం పెట్టండి. ఏ తేదీన, ఏ కంపెనీకి, ఏ ఉద్యోగానికి పంపారు, జవాబేమొచ్చింది అన్నది రాయండి. రోజుకి ఒక్క గంట చాలు. చూసిన ప్రతిదానికీ పంపకుండా, సరిపోయిన రెండింటికి శ్రద్ధగా పంపండి. ఓ నెల గడిచాక పుస్తకం తిరగేయండి. పిలుపులే రాకపోతే లోపం రెజ్యూమెలోనో, ఎంచుకున్న ఉద్యోగాల్లోనో ఉంది. పిలుపులొచ్చి ఇంటర్వ్యూ దగ్గర ఆగిపోతుంటే మాట్లాడడం అభ్యాసం చేయాలి. ఇంటినుంచి వీడియో ఇంటర్వ్యూ అయితే, కిటికీ వెలుతురు మొహాన పడేలా కూర్చోండి. ఆ అరగంటా కుక్కరు పొయ్యిమీద పెట్టకండి!

జవాబు రాని దరఖాస్తుని మీ విలువకి కొలతగా తీసుకోకండి. ఒక్కో ఉద్యోగానికి వందలమంది పంపుతారు. అవతలివారికి చదవడానికి తీరికే ఉండదు. రేపు పదకొండు గంటలకి పనులయ్యాక, ఆ మూడు ప్రశ్నలకీ జవాబులు రాయడంతో మొదలుపెట్టండి.