చాట, జడ్డిగం, గోనె సంచి
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీం కోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ ఏటా ఈ దినం జరుపుకుంటున్నాము. డ్రాయింగ్ మాస్టరుగా పని చేసినవాడినని నన్ను కళ గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను మన పెద్దేముల్ ఇండ్లలోని సామాను గురించే చెబుతాను.

1958లో అమెరికా రూపకర్తలు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వానికి ఒక నివేదిక ఇచ్చారు. ఈ దేశంలో తాము చూసిన వస్తువులలో వారు అన్నిటికన్న మెచ్చుకున్నది మన చెంబును. ఆ నివేదిక ఫలితంగానే 1961లో అహ్మదాబాదులో జాతీయ డిజైన్ సంస్థ వెలిసింది.

చెంబుకున్న గొప్పతనం చాటకు లేదా? నేను తరగతిలో బల్లమీద చాట పెట్టి గీయమంటే పిల్లలు నవ్వేవారు, "సార్, ఇది మా ఇంట్ల ఉన్నదే" అని. "ఉన్నదే గనుక మీరు చూడలేదు" అనేవాడిని. మూడు వైపుల అంచు, ముందు విశాలమైన నోరు. చెరిగితే గట్టి గింజ వెనకకు, పొట్టు ముందుకు. సందులు పూడటానికి నానిన మెంతులు, కాగితం కలిపి రుబ్బి పూస్తారు. ఒక్క మేకు ఉండదు.

గొర్రుకు కట్టే జడ్డిగం చూడండి. ఒక గిన్నె, దానికి రంధ్రాలు, రంధ్రానికొక వెదురు గొట్టం. పిడికిట్లోంచి జారిన గింజలు అన్ని సాళ్లకూ సమానంగా పంచబడతాయి. గోనె సంచి ఒక మూలను రెండో మూలలోకి దోపితే వానకు తలమీద గొడుగు. కుట్టు లేదు, కత్తెర లేదు. అమెరికాలో పేద రైతుల ఇల్లాళ్లు దాణా సంచుల గుడ్డతో గౌన్లు కుట్టుకుంటున్నారని తెలిసి, 1930ల నాటికి మిల్లులవారు సంచులమీద పూలే అచ్చు వేయించారు.

తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. కాని పేరు పప్పుకు వచ్చింది, కట్టెకు రాలేదు. ఆ కట్టెతోనే గంపలు, తడికలు అల్లేవారు. కొంచెం పచ్చిదనం ఉండగానే అల్లాలి, ఎండితే విరుగుతుంది. ఎంత పచ్చిదనం అన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు, అల్లేవారి వేళ్లకే తెలుసు. ఇప్పుడు ప్లాస్టిక్ తట్టలు వచ్చాయి, అల్లే చేతులు ముసలివైనాయి. ఆ చేతులతో పాటే ఆ విద్యా పోతుంది.

మనలో సర్వేయర్లున్నారు, కొలవగలరు. టీచర్లున్నారు, రాయగలరు. లెక్కల శాఖవారున్నారు, ఖర్చు కట్టగలరు. అందుకే నా మనవి. ప్రతి సభ్యుడూ తమ ఊరి వస్తువు ఒక్కదానిని కొలతలతో గీసి, ఊరివాళ్లు పిలిచే పేరుతో, తయారుచేసే విధానంతో రాసి సంఘానికి అందించండి. అల్లినవారిని అడిగే రాయండి. వారి దగ్గర ఒక గంప కొనండి, బేరమాడకుండా.

పెన్షను మనకు హక్కుగా వచ్చింది. ఈ పని మనకు బాధ్యతగా మిగిలింది.