ఆకాశంలో ఆలస్యం
(మన సంఘ వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



వైర్‌లెస్ విభాగంలో పనిచేసి రిటైరైన నేనే మొన్న ఒక పొరపాటు చేశాను. సెల్‌ఫోను పట్టుకొని మా స్థలం మూలలన్నీ తిరిగి, పక్కింటివారి గోడ నాలుగు మీటర్లు మా వైపు వచ్చిందని తగవు పెట్టుకున్నాను. పదిహేనేళ్ళ స్నేహం, వారం రోజులు మాటల్లేవు. మా అబ్బాయి అదే మూలలో మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి కొలిచి చూపాడు. గోడ రెండు చోట్ల ఉన్నట్టు వచ్చింది! గోడలు నడవవు కదా.

జి.పి.ఎస్. ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతాయి. సంకేతం ఎప్పుడు బయలుదేరింది, ఎప్పుడు చేరింది అన్నదాన్నిబట్టి ఫోను దూరం లెక్కకడుతుంది. సెకనులో వందకోట్లవ వంతు ఆలస్యమైతే 30 సెంటీమీటర్లు తేడా వస్తుంది.

ఆ ఆలస్యం చేసేవాటిలో ముఖ్యమైనది అయనోస్ఫియర్. ఇది మనకు పాత నేస్తమే. షార్ట్‌వేవ్‌లో రేడియో సిలోను పాటలు విన్నామంటే దాని చలవే. ఆ తరంగాలను కిందికి తిప్పి పంపిన పొరే, తనను దాటి వచ్చే ఉపగ్రహ సంకేతాన్ని నిదానింపజేస్తుంది. ఎండకు అందులో ఎలక్ట్రాన్లు పెరుగుతాయి. అందుకే మధ్యాహ్నం రెండు గంటల ప్రాంతంలో ఆలస్యం ఎక్కువ, తెల్లవారే ముందు తక్కువ.

దీనికి విరుగుడుగా ఉపగ్రహాలు ఎనిమిది అంకెలు పంపుతాయి. వాటితో క్లోబుచార్ సూత్రం ప్రకారం ఫోను లెక్క సవరించుకుంటుంది. పొరపాటులో దాదాపు సగం పోతుంది. ఎనిమిది అంకెలకు అది గొప్పే. కాని మన దేశంలో దానికి కష్టకాలం. అయస్కాంత భూమధ్యరేఖ మన దక్షిణ కొసమీదుగా పోతుంది. అక్కడ పైకి లేచిన ఎలక్ట్రాన్లు ఉత్తరాన అహ్మదాబాదు, భోపాల్ వైపు దిగి పోగుపడతాయి. మన హైదరాబాదు ఆ రెంటికీ నడుమ ఉంది. ప్రపంచమంతటికీ కుట్టిన చొక్కా మనకు ఎలా సరిపోతుంది?

అందుకే ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి విమానాల కోసం ‘గగన్’ నిర్మించినప్పుడు, దేశంలో 15 చోట్ల స్థిర కేంద్రాలు పెట్టి, మన ఆకాశానికి తగిన నమూనా వేరే తయారుచేశారు. దిగే విమానానికి ఎత్తు విషయంలోనూ దారి చూపేందుకు 2015 ఏప్రిల్‌లో దానికి ధ్రువీకరణ లభించింది. అక్కడ నాలుగు మీటర్లంటే గోడ తగవు కాదు, ప్రాణాలు.

ఇక కింది గాలి. నడినెత్తిన ఉన్న ఉపగ్రహానికైనా పొడిగాలి వల్ల సుమారు 2.3 మీటర్ల తేడా ఉంటుంది. గాలి పీడనం తెలిస్తే దాన్ని లెక్కించవచ్చు. తేమ వాటా తక్కువే గాని మొండిది. రెండు పౌనఃపున్యాలలో సంకేతం అందుకొని పోల్చి చూస్తే అయనోస్ఫియర్ ఆలస్యం తేలిపోతుంది. తేమ దగ్గర ఆ కిటుకు పారదు.

మా గోడ విషయంలో తప్పంతా ఆకాశానిదే అనను. చుట్టుపక్కల ఇళ్ళకు తగిలి వచ్చే సంకేతాలు కూడా ఫోనును మోసగిస్తాయి. సర్వేయరు పద్ధతి వేరు. స్థానం కచ్చితంగా తెలిసిన చోట ఒక యంత్రం ఉంటుంది, మన హద్దు దగ్గర మరొకటి. రెంటిమీదా దాదాపు ఒకే ఆకాశం గనుక, మొదటిదానిలో తేలిన పొరపాటును రెండోదానిలో తీసేస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో మొదలైన భూముల రీసర్వేలో ఇలాంటి స్థిర కేంద్రాలనే వాడారు.

చివరికి మేమూ సర్వేయరును పిలిపించాం. గోడ ఉండవలసిన చోటే ఉంది. ఫీజు నేనే కట్టాను. ఈ రోజు నన్ను స్కూటరు మీద సభకు తీసుకువచ్చింది ఆ పక్కింటాయనే. మూడో వరుసలో కూర్చుని నవ్వుతున్నారు.

సెలవు.